కాలు అందని బండి

మా అమ్మ దానికి పెట్టిన పేరు ఒంటె. "ఒరేయ్, ఆ ఒంటె మీద మీ నాన్నని ఎక్కించకురా" అని ఆ రోజు పొద్దున్న కూడా అంది. నేను వినలేదు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎంత దూరం గనక, గంటలో పోయి మంచు చూసి టిఫిన్ టైముకి వచ్చేస్తాం అన్నాను.

ఘాట్‌లో ఒక మలుపు దగ్గర ఎదురుగా ఆర్టీసీ బస్సు. దారిద్దామని బండిని ఎడమ అంచుకి తీసి ఆపి, అలవాటుగా ఎడమ కాలు కిందికి పెట్టాను. అక్కడ నేల లేదు. అంటే ఉంది, కానీ నేననుకున్న చోటికి జానెడు కింద ఉంది. దాదాపు 200 కిలోల బండి, వెనక డెబ్భై కిలోల నాన్న, ఇద్దరూ నా ఎడమ కాలి బొటనవేలి మీద ఆధారపడ్డారు. బొటనవేలు ఏం చేస్తుంది పాపం. సినిమాలో స్లో మోషన్‌లా ముగ్గురం పక్కకి ఒరిగిపోయాం. బస్సు డ్రైవరు దిగొచ్చి బండి లేపాడు. నాన్నకి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది, ఆరు వారాలు కట్టు. రిటైరయిన లెక్కల మాస్టారు ఆయన, తిట్టలేదు. "నీ కాలెంత, సీటెంత?" అని మాత్రం అడిగారు.

బండి పేరు చెప్పను, అభిమాన సంఘాలతో నాకు పేచీ వద్దు. సీటు ఎత్తు 830 మిల్లీమీటర్లు. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, కాలి లోపలి కొలత 75 సెంటీమీటర్లు. అంటే చెప్పులేకుండా ఎనిమిది సెంటీమీటర్ల లోటు. నేనెక్కితే స్ప్రింగు మూడు నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది, బూటు మడమ మూడు కలుపుతుంది. సరిపోయినట్టే కదా అనిపిస్తుంది. కానీ సీటు వెడల్పుకి కాళ్ళు బార్లా చాపాలి, ఆ లెక్క ఏ బ్రోషర్‌లోనూ రాయరు. చివరికి మిగిలేది మునివేళ్ళే. షోరూములో గ్రానైటు మీద మునివేళ్ళు చాలు. మన రోడ్లు వాననీరు జారడానికి అంచులవైపు వాలుగా ఉంటాయి. మనం నడిపేది ఎడమ పక్కన, కిందకి పెట్టేది ఎడమ కాలు (కుడి కాలు వెనక బ్రేకు మీద ఉంటుంది కాబట్టి). అంటే ఎప్పుడూ పల్లంవైపే కాలు పెడుతున్నామన్నమాట. ఇది పడ్డాక గానీ నా బుర్రకి తట్టలేదు.

సరే, కట్టుతో కూర్చున్న నాన్న పక్కన కూర్చుని నేను చేసిన పని ఏమిటంటే, అసలు ఈ బళ్ళు ఇంత ఎత్తు ఎందుకున్నాయి, ఎవడు మొదలెట్టాడు అని తవ్వడం. బగ్ వస్తే ఆ లైను మొదట ఎవరు రాశారో చూడ్డం మన వృత్తి జాడ్యం కదా :)

ఎత్తు తెచ్చింది ఎడారి కాదు, బురద. 1970 ప్రాంతం దాకా మోటోక్రాస్ బండికి వెనక చక్రం నాలుగంగుళాలు పైకీ కిందకీ కదిలితే గొప్ప. బెల్జియంలో లూసియన్ టిల్కెన్స్ అనే ఇంజనీరు రెండు పక్కలా ఉండే రెండు షాక్ అబ్జార్బర్లు తీసేసి, సీటు కింద ఒక్కటే పొడవాటిది పెట్టాడు. ఆలోచన పూర్తిగా కొత్తదేం కాదు, ఇంగ్లండ్‌లో విన్సెంట్ బళ్ళకి 1928 నుంచే ఆ పోలికలున్న ఏర్పాటు ఉంది. కానీ టిల్కెన్స్ డిజైన్‌ని యమహా కొనుక్కుంది. 1973లో హాకన్ ఆండర్సన్ ఆ బండి మీద 250 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఇక పందెం మొదలైంది, ట్రాక్ మీద కాదు, స్ప్రింగుల్లో. పదేళ్ళు తిరక్కుండా నాలుగంగుళాల కదలిక పన్నెండంగుళాలైంది.

చక్రం పన్నెండంగుళాలు పైకి రావాలంటే, అంతా పైకొచ్చాక కూడా ఇంజను నేలకి తగలకూడదు. అంటే బండి మామూలుగా నిలబడి ఉన్నప్పుడు ఇంజను అంత ఎత్తున ఉండాలి. ఇంజను మీద ఫ్రేము, ఫ్రేము మీద సీటు, సీటు మీద మనం. మేడ మీద మేడ. మోటోక్రాస్‌లో దీనివల్ల ఇబ్బంది లేదు. బండి వంద కిలోలు, రేసు ముప్పావుగంట, ట్రాఫిక్ సిగ్నల్ ఉండదు, బస్సు ఎదురురాదు. కాలు నేలకి అందాల్సిన అవసరం స్టార్టింగ్ గేటు దగ్గర ఒక్కసారే.

ఆ ఎత్తు బరువైన బళ్ళకి పాకింది ఎడారి వల్ల. 1977లో అబిజాన్-నీస్ ర్యాలీలో తియెరీ సాబీన్ అనే ఫ్రెంచివాడు సహారాలో దారి తప్పి చావు తప్పించుకుని బయటపడ్డాడు. మనమైతే తిరుపతికి మొక్కుకుని గుండు కొట్టించుకునేవాళ్ళం. ఆయన అందర్నీ అక్కడికే తీసుకెళ్తానని పారిస్-డాకర్ ర్యాలీ పెట్టాడు. 1978 డిసెంబర్ 26న 182 బళ్ళు పారిస్‌లో బయల్దేరితే 74 డాకర్ చేరాయి. మొదటి రెండేళ్ళూ గెలిచింది సిరిల్ నెవూ, యమహా ఎక్స్‌టీ 500 మీద. సింగిల్ సిలిండర్, తేలిక బండి.

అదే సమయంలో జర్మనీలో బీఎండబ్ల్యూ మోటార్‌సైకిళ్ళ అమ్మకాలు బాగా పడిపోయి ఉన్నాయి. 1980 సెప్టెంబర్‌లో వాళ్ళు ఆర్ 80 జీ/ఎస్ వదిలారు. 797 సీసీ, 50 గుర్రాల శక్తి, సీటు ఎత్తు 860 మిల్లీమీటర్లు. జీ అంటే బీడు, ఎస్ అంటే రోడ్డు, జర్మన్‌లో. రెండింటికీ పనికొచ్చే పెద్ద బండి అనే జాతికి ఇదే మూలపురుషుడు. జర్మన్ మగవాడి సగటు ఎత్తు ఇవాళ దాదాపు 180 సెంటీమీటర్లు, మన సగటు 165 చుట్టుపక్కల. 860 అనే అంకె ఎవరి కాళ్ళు కొలిచి వేశారో వేరే చెప్పక్కర్లేదు. కుట్రేం కాదు లెండి, డెవలపర్ తన లాప్‌టాప్‌లో పనిచేస్తే చాలనుకున్నాడు, అంతే.

1981లోనూ 1983లోనూ యూబేర్ ఓరియోల్ బీఎండబ్ల్యూ మీద డాకర్ గెలిచాడు. ఆయన పొడగరి. ఆ తర్వాతి ఏడాది గెలిచిన మనిషి గురించి చదివాకే నాకు ఇది రాయాలనిపించింది.

గాస్తోన్ రాహియే. ఈయనా బెల్జియంవాడే. 1975, 76, 77... వరసగా మూడేళ్ళు 125 సీసీ మోటోక్రాస్ ప్రపంచ ఛాంపియన్, సుజుకి మీద. ఎత్తు ఐదున్నర అడుగులు కూడా లేడు. అటూఇటూగా నా ఎత్తు. ఆ మనిషి చేతికి బీఎండబ్ల్యూ వాళ్ళు ఎడారి కోసం ఇంకా పైకి లేపిన బండి ఇచ్చారు, దాని మీద డ్రమ్ముల్లాంటి పెట్రోలు ట్యాంకు. నిండా నింపితే 200 కిలోలు ఎప్పుడో దాటిపోతుంది. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళూ గాల్లోనే. ఫోటోల్లో చూస్తే గుర్రమెక్కిన పిల్లాడిలా ఉంటాడు.

మరి ఎక్కేదెలా? పక్కన నిలబడి ఇంజను స్టార్ట్ చేసి, గేరేసి, బండితో పాటు నాలుగడుగులు పరిగెత్తి, ఎడమ ఫుట్‌పెగ్ మీద కాలేసి, కదిలే బండి మీద రెండో కాలు అవతలికి విసిరేవాడు. మా ఊళ్ళో పాల క్యాన్లు కట్టుకున్న సైకిలు ఎక్కే పద్ధతి ఇదే, దాన్నే ఆయన 1000 సీసీకి దగ్గర బండితో చేశాడు. 1984లో గెలిచాడు. 1985లో మళ్ళీ గెలిచాడు. ఆ గెలుపుని సొమ్ము చేసుకోడానికి బీఎండబ్ల్యూ 32 లీటర్ల ట్యాంకుతో పారిస్-డాకర్ పేరుతో మామూలు జనానికి ఒక బండి అమ్మింది, ట్యాంకు మీద రాహియే సంతకంతో. కాలు అందని మనిషి సంతకం, కాలు అందని బండి మీద! కొన్నవాళ్ళలో ఎంతమందికి ఆ తమాషా అర్థమైందో.

రాహియే 2005లో పోయాడు. సాబీన్ అంతకుముందే, 1986 జనవరిలో, మాలీలో ర్యాలీ నడుస్తుండగానే హెలికాప్టర్ కూలి పోయాడు.

ఇక్కడ నాకో సంగతి అర్థమైంది. డాకర్ బండికి ఆ ఎత్తు అవసరం. ఆ బొమ్మ చూసి షోరూముకెళ్ళిన పారిస్ గుమాస్తాకి అవసరం లేదు, కానీ ఎత్తు తీసేస్తే ఆ బొమ్మ పోతుంది. 2004లో ఇద్దరు నటులు లండన్ నుంచి న్యూయార్క్‌కి తూర్పు దిక్కుగా వెళ్ళి ఆ ప్రయాణాన్ని టీవీలో చూపించారు, 'లాంగ్ వే రౌండ్' అని. వాళ్ళ బీఎండబ్ల్యూ సీటు ఎత్తు 900. ఆ తర్వాత ప్రపంచమంతా ఆ బళ్ళకి ఎగబడింది, ఎగబడ్డవాళ్ళు కాళ్ళు చూసుకుని బెంబేలెత్తారు. అప్పుడు కంపెనీలే తగ్గించిన సస్పెన్షన్‌ని ఫ్యాక్టరీ ఆప్షన్‌గా ఇవ్వడం పెరిగింది. ఉదాహరణకి ఎఫ్ 700 జీఎస్ మామూలుగా 820, తగ్గించిన సస్పెన్షన్‌తో 765. మన దగ్గర 2016లో వచ్చిన హిమాలయన్ ఈ విషయంలో తెలివైన పని చేసింది, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉంచుకుంటూనే సీటు 800 దగ్గర ఆపింది. అన్ని ఐదడుగుల ఐదంగుళాల వాళ్ళు లదాఖ్ వెళ్ళొచ్చారంటే సగం కారణం అదే అని నా నమ్మకం.

ఇంత చదివీ నేను చేసిన పని, ఒక షాపుకెళ్ళి బండి 40 మిల్లీమీటర్లు తగ్గించమనడం. షాపు పేరూ చెప్పను. "అన్నా, రెండు గంటల పని" అన్నాడు. నిజంగానే రెండు గంటల్లో అయింది. వెనక షాక్ అబ్జార్బర్‌ని చక్రానికి కలిపే లింకు తీసి, కాస్త పొడుగుది పెట్టాడు. అంతే. మడమలు నేలకి ఆనాయి! ఇంటికొచ్చేదాకా ప్రతి సిగ్నల్ దగ్గరా రెండు కాళ్ళూ దింపి రాజాలా కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న వాచ్‌మన్ ఫోన్. బండి కుడివైపుకి పడి పక్కింటాయన స్కూటర్ మీద పడుకుని ఉంది. సైడ్ స్టాండ్ పాత పొడుగే కదా, బండి తగ్గింది కాబట్టి ఒరగాల్సినంత ఒరక్కుండా నిటారుగా నిలబడింది, ఎవరో చెయ్యి తగిలించారు. ఒక వేరియబుల్ మార్చి, దాన్ని ఇంకెవరెవరు చదువుతున్నారో చూడకుండా ప్రొడక్షన్‌లో పెడితే ఏమవుతుందో అదే అయింది.

స్టాండ్ కోయించాను. తర్వాత హెడ్‌లైటు ఆకాశం చూస్తోందని గమనించాను. వెనక మాత్రమే దిగింది, ముందు దిగలేదు, బండి ముక్కెత్తుకుని ఉంది. ఫోర్కు వాలు పెరిగి స్టీరింగు మొండికేస్తోంది, మలుపుల్లో ముందు చక్రం తేలిగ్గా అనిపిస్తోంది. దానికి విరుగుడు ఫోర్కు గొట్టాలని క్లాంపుల్లో అంతే లెక్కన పైకి జరపడం. కానీ గుంతలో పడి ఫోర్కు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ముందు మడ్‌గార్డు కింది క్లాంపుకి కొట్టుకోకుండా చూసుకోవాలి. ఇంకో తిరకాసు, లింకు పొడుగైతే చాలా బళ్ళల్లో స్ప్రింగు మీద చక్రానికి పట్టు పెరిగి, అదే స్ప్రింగు మెత్తబడినట్టవుతుంది. తగ్గిన క్లియరెన్సు, మెత్తబడ్డ స్ప్రింగు, వెనక మనిషి. రోడ్ల ప్రమాణాల ప్రకారం స్పీడ్‌బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా కాలనీవాళ్ళు పోసినదానికి ఎత్తు ఉంది, వెడల్పు లేదు. దాని మీద ఇంజను కింది రేకు గీసుకున్న చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి. ఏ సుఖం కోసం ఎత్తు బండి కొన్నానో అది పోయింది, ఎత్తు తాలూకు ఈఎంఐ మిగిలింది.

తగ్గించడం తప్పని నేననను. ముందూ వెనకా సమానంగా తగ్గించి, స్ప్రింగూ స్టాండూ మార్చి, తారు రోడ్ల మీదే తిరిగేవాళ్ళకి అది చక్కటి పరిష్కారం. "బండి తగ్గించాలా, ఎత్తైనవాడు నడిపితే సరి" అని ఎగతాళి చేసే ఆరడుగుల వీరులంటేనే నాకు మంట. వాళ్ళకి రాహియేని చూపించాలి. ఇప్పుడు ఖరీదైన బళ్ళు ఈ పని తమంతట తామే చేస్తున్నాయి, 2021లో వచ్చిన హార్లీ పాన్ అమెరికాలో, 2023 నాటి ఆర్ 1300 జీఎస్‌లో ఆగుతున్నప్పుడు బండి కిందికి దిగి, కదిలాక మళ్ళీ లేచే ఏర్పాటు ఉంది. మా ఇంటి లోన్ తీరాక చూద్దాం.

నేను పాత లింకు మళ్ళీ పెట్టించాను (కోసిన స్టాండ్‌కి మళ్ళీ వెల్డింగ్, మెకానిక్ నవ్వు ఉచితం). సీటు స్పాంజి రెండు పక్కలా చెక్కించి సన్నం చేయించాను, రెండు సెంటీమీటర్లు కలిసొచ్చింది. అన్నిటికన్నా పనికొచ్చింది, కుడి కాలు దింపడం నేర్చుకోవడం. కాస్త ఒక పక్కకి జరిగి, మెరకవైపున్న కుడి పాదం పూర్తిగా ఆనించి, బండిని ముందు బ్రేకుతో పట్టుకోవాలి. ఎత్తు ఎక్కేచోట అదే చేత్తో బ్రేకు వదుల్తూ యాక్సిలరేటర్ ఇవ్వడం అలవాటవడానికి పది రోజులు పట్టింది, అదీ ఖాళీ మైదానంలో, వెనక బియ్యం బస్తా కట్టుకుని.

సంక్రాంతికి నాన్న తనంతట తనే హెల్మెట్ పట్టుకుని బయటికొచ్చారు. అమ్మ నాతో మాట్లాడ్డం మానేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అదే మలుపు దగ్గర, ఈసారి బస్సేమీ లేకపోయినా ఆపాను. నేను ఆపేలోపే వెనకనుంచి భుజం మీద తట్టి "కుడి... కుడి" అన్నారు నాన్న.