పుండు పడిన నల్లగుడ్డుకు కొత్త పొర

పెన్నా డెల్టాలో వరి నూర్పిడి వేళ ఎగిరిపడిన వడ్ల నూగు నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, గీరినప్పుడు, ఆ గాటులోకి ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్ వంటి బూజులు చేరి కొద్ది రోజులలోనే తెల్లని పుండు వేయవచ్చు. మందుకు లొంగని పుండు పొరను కరిగించి చిల్లు చేస్తే, లోపలి నీరు కారిపోయి, కనుపాప చుట్టూ ఉండే రంగుపొర ఆ చిల్లులోకి పొడుచుకొస్తుంది. ఈ దశలో చెడిన భాగాన్ని గుండ్రంగా కోసి తీసి, దాత కార్నియాను కుట్టడాన్ని చికిత్సా మార్పిడి అంటారు. ఇక్కడ చూపు తరువాతి మాట, ముందు కన్ను దక్కాలి.

1905 డిసెంబరు 7న ఒలోమౌత్స్ నగరంలో ఎడువర్డ్ జిర్మ్ చేసిన తొలి విజయవంతమైన కార్నియా మార్పిడి సున్నంతో కాలిన కంటికి జరిగింది. పుండుతో రగులుతున్న కంటిలో పొరలోకి రక్తనాళాలు పాకుతాయి కనుక, కొత్త కార్నియాను శరీరం తిరస్కరించే ప్రమాదం ఎక్కువ.

పెన్నా డెల్టా ఉన్న నెల్లూరు జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది; అప్పట్లో దానికి దగ్గరి పెద్ద దిక్కు 1819లో మొదలైన, మద్రాసు నగరంలోని ఎగ్మూరు కంటి ఆసుపత్రి. దేశంలో తొలి నేత్రనిధి కూడా 1945లో డాక్టర్ ముత్తయ్య చొరవతో అక్కడే ఏర్పడింది. అయితే తేమ నిలిపే పాత్రలో ఉంచిన దాత కన్ను ఇంచుమించు ఒక్కరోజే పనికొచ్చేది కనుక, చిల్లుపడిన కంటితో తీరగ్రామం నుంచి వచ్చిన రైతుకు సరిగ్గా ఆ వేళకే కార్నియా దొరకడం అదృష్టం మీద ఆధారపడేది. ఈ విద్యకు అసలు అడ్డంకి శస్త్రం కాదు, కాలమే. దాత కార్నియాను నిల్వచేసేందుకు 1974లో వచ్చిన మెకేరీ-కాఫ్‌మన్ ద్రావణం ఆ గడువును నాలుగు రోజులకు పెంచింది. అంతకుముందే, 1960ల చివర నుంచి, చిన్న చిల్లులకు సయనోఅక్రిలేట్ జిగురు వాడుకలోకి వచ్చింది: అంచులను పొడిగా తుడిచి, సన్నని చుక్క వేసి, అది గట్టిపడ్డాక పైన కాంటాక్ట్ లెన్స్ అమర్చుతారు.

తెలుగునేలపై 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ, 1989లో దానికి అనుబంధంగా రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి ఏర్పడ్డాక, ఆసుపత్రులలో మరణించినవారి కుటుంబాలతో సలహాదారులు నేరుగా మాట్లాడి నేత్రాలు సేకరించే పద్ధతి బలపడింది. తాజా కార్నియా దొరకని అత్యవసరంలో గ్లిజరిన్‌లో నిల్వచేసిన పొరనైనా కుట్టి చిల్లు మూస్తారు. దానిలో జీవకణాలు ఉండవు, చూపూ స్పష్టపడదు, కానీ కంటి గుడ్డు నిలుస్తుంది, వాపు తగ్గిన తరువాత చూపు కోసం రెండో మార్పిడికి అవకాశం మిగులుతుంది.