జ్వరమొచ్చిన ఒళ్ళు ఎవరిది?

మొన్న క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "సార్, అంబేడ్కర్ గురించి పరీక్షలో రాజ్యాంగం ఒక్కటే రాస్తాం. కార్మికులకేం చేశారాయన?" జవాబు మొదలుపెట్టేలోపు బెల్లు కొట్టేశారు. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

1942 జులైలో బాబాసాహెబ్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఫ్యాక్టరీ కార్మికులకు ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పనిని ఆయన హయాంలోనే, 1943లో, బి.పి. అడార్కర్‌కు అప్పగించారు. 1944లో నివేదిక వచ్చింది. 1946లో బాబాసాహెబ్ దిగిపోయాక ఆ శాఖ జగ్జీవన్ రామ్ చేతికొచ్చింది. రాజకీయాల్లో ఇద్దరిదీ చెరో దారి. అయినా ఒకరి కాలంలో వేసిన నాటు ఇంకొకరి కాలంలో కోతకొచ్చింది: 1948 కార్మిక రాజ్య బీమా చట్టం. మనవాళ్ళకు ఈఎస్‌ఐ అంటే ఆసుపత్రి. కానీ అసలు సంగతి ఆసుపత్రి కాదు. యజమానీ కార్మికుడూ ఇద్దరూ చందా కడతారు. జబ్బు చేస్తే డబ్బు ఆ నిధిలోంచి వస్తుంది, యజమాని జేబులోంచి కాదు. బతిమాలే పని లేదు. తర్వాత స్థిరపడిన లెక్కలో ఏడాదికి 91 రోజులు, వేతనంలో 70 శాతం. ఇక ఆ 1948 చట్టంలో 73వ సెక్షన్ ఉండేది: ఆ భత్యం తీసుకుంటున్న రోజుల్లో కార్మికుణ్ణి పనిలోంచి తీసేయకూడదు, శిక్షించకూడదు అని. నన్నడిగితే ఆ చట్టం ప్రాణమంతా ఇందులోనే ఉండేది.

అయితే తలుపు ఎవరికి తెరిచారు? మొదట్లో యంత్రశక్తితో, 20 మందికి తగ్గకుండా, ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలకే. పొలం కూలీ బయటే. మా అమ్మ నాట్లకు పోయే రోజుల్లో జ్వరమంటే ఆ రోజు కూలి పోవడమే. రెండో రోజూ లేవకపోతే ముఠాలో ఆమె చోటు ఇంకొకరిది.

సెలవు దొరికినా, వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: ఒంట్లో ఏమైంది? ఎల్‌ఐసీలో కొత్తగా చేరిన నీరా మాథుర్‌ను ప్రసూతి సెలవులో ఉండగానే ఉద్యోగంలోంచి తీసేశారు. చేరేటప్పుడు ఫారంలో అబద్ధం రాసిందన్నారు. ఆ ఫారంలో అడిగినవేమిటి? నెలసరి ఎప్పుడొచ్చింది, సరిగా వస్తోందా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది! 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది. ఆ ప్రశ్నలు ఆడవాళ్ళ ఆత్మగౌరవానికి తగనివని, ఫారంలోంచి తీసేయమని చెప్పింది.

2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. చప్పట్లు కొట్టాం. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్ చూడండి. ఉద్యోగ అవసరాల కోసం, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడం కోసం మన సమాచారం వాడుకోవడానికి మన సమ్మతి అక్కర్లేదట.

ఆ చట్టం రాకముందే కొందరి చేతులకు వాచీలు ఎక్కాయి. దీక్షాభూమి ఉన్న నాగపూర్‌లో, ఆ తర్వాత చండీగఢ్‌లో, పారిశుధ్య కార్మికులకు జీపీఎస్ వాచీలు కట్టారు. ఎక్కడున్నారు, ఎంతసేపు ఆగారు, అన్నీ ఆఫీసులో తెర మీద కనపడతాయి. మరుగుకు వెళ్ళినా చేతికి అదేనని చండీగఢ్ ఆడవాళ్ళు భయపడ్డారు. ఊడ్చే చేతులు ఏ కులానివో మీకు చెప్పక్కర్లేదు. అదే కార్పొరేషన్‌లో ఫైళ్ళ మీద సంతకాలు పెట్టే చేతులను కూడా ఇలాగే తెర మీద చూస్తారా?

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి భత్యం బిల్లు మీద బాబాసాహెబ్ మాట్లాడిన సంగతి వచ్చే భాగంలో.

జై భీమ్.