గోరుచిక్కుడు గింజలోంచి జారిన స్లైమ్

1976లో మాటెల్ అనే అమెరికా బొమ్మల కంపెనీ పిల్లల కోసం చిన్న ఆకుపచ్చ చెత్తడబ్బా ఒకటి బజారులో పెట్టింది. మూత తీస్తే లోపల అదే రంగు జిగట ముద్ద. చల్లగా, తడిగా, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటుంది. పేరు స్లైమ్. బొమ్మ ముద్దుగా ఉండాలన్న పాత నియమాన్ని పక్కనపెట్టి, రోతనే సరుకుగా అమ్మిన వ్యాపారం అది. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఛీ’ అన్నకొద్దీ పిల్లలకు మోజు పెరిగింది. తర్వాత్తర్వాత అందులో రబ్బరు వానపాములు కలిపి కూడా అమ్మారు.

చెత్తడబ్బా వాళ్లదే గానీ, లోపలి దినుసు మనకు తెలిసిందే. గోరుచిక్కుడు. లేతకాయ కూరలోకి పోతుంది. ముదిరిన గింజకు పొట్టు, మొలక తీసేసి మిగిలినదాన్ని పొడి కొడితే గ్వార్ గమ్ అవుతుంది. కొంచెం వేస్తే చాలు, గిన్నెడు నీళ్లు చిక్కబడతాయి. ఐస్‌క్రీముల్లో, సాసుల్లో వాడేది దీన్నే. ప్రపంచంలో పండే గ్వార్‌లో సింహభాగం మన దేశానిదే, అందులోనూ ఎక్కువ రాజస్థాన్‌ది. రెండో దినుసు వెలిగారం. కంసాలి బంగారం అతికేటప్పుడు వాడే తెల్లటి పలుకు, ఇంగ్లీషువాళ్ల బోరాక్స్.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందన్నదే అసలు సంగతి. నీళ్లలో నానిన గ్వార్ అణువులు ఉడికిన సేమ్యా పోగుల్లా పొడవుగా, ఒకదాని పక్క నుంచి ఒకటి జారుతుంటాయి. వెలిగారం నుంచి వచ్చే బోరేటు వాటిని అక్కడక్కడా ముడివేస్తుంది. ఆ ముడి బలమైంది కాదు. ఊడుతుంది, ఇంకోచోట పడుతుంది. మెల్లగా లాగితే ముడులు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది కాబట్టి ముద్ద సాగుతుంది. చటుక్కున గుంజితే ఆ వ్యవధి లేక తెగుతుంది. చమురు బావుల్లో రాళ్లను ఒత్తిడితో పగలగొట్టి, ఆ పగుళ్లలోకి ఇసుకను పంపే ద్రవాన్ని చిక్కబరచడానికీ ఈ జంటనే వాడతారు. 2012 ప్రాంతంలో అమెరికా బావుల గిరాకీతో ఇక్కడ గ్వార్ ధర ఆకాశాన్నంటింది. పిల్లల ఆటకూ చమురు బావికీ ముడి సరుకు ఒకటే!

వెలిగారంలో ఉండే మూలకం బోరాన్. దానితో ఆట స్లైమ్ కంటే ముందే మొదలైంది. 1943లో, యుద్ధం రోజుల రబ్బరు కొరతకు విరుగుడు వెతుకుతూ, జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే జేమ్స్ రైట్ సిలికోన్ నూనెలో బోరిక్ ఆమ్లం కలిపాడు. మనం క్యారమ్ బల్ల మీద చల్లే పొడి ఉందే, అదే బోరిక్ ఆమ్లం. నేలకేసి కొడితే ఎగిరే ముద్ద తయారైంది, టైరుకు మాత్రం పనికిరాలేదు. (ఈ ఘనత తమదేనన్నవాళ్లు మరికొందరున్నారు.) 1950లో పీటర్ హాడ్జ్‌సన్ దాన్ని ప్లాస్టిక్ గుడ్లలో పెట్టి ‘సిల్లీ పట్టీ’ పేరుతో అమ్మాడు.

మళ్లీ స్లైమ్ దగ్గరికొస్తే, 1979లో కెనడాలోని ఒట్టావాలో మొదలైన ఒక పిల్లల టీవీ కార్యక్రమంలో ‘నాకు తెలియదు’ అన్నవాళ్ల నెత్తిన పచ్చటి స్లైమ్ కుమ్మరించేవారు. తర్వాత నికెలోడియన్ చానెల్ ఆ స్లైమ్‌నే తన గుర్తుగా చేసుకుంది. అప్పటికి పిల్లలు ప్రేక్షకులే, మహా అయితే కొనుగోలుదారులు.

మార్పు తెచ్చింది కెమిస్ట్రీ పంతుళ్లు. పాలీవినైల్ ఆల్కహాల్ ద్రావణంలో వెలిగారం నీళ్లు పోస్తే అదే రకం ముద్ద కళ్ల ముందే కడుతుందని, ఈ ప్రదర్శన గురించి 1986లో అమెరికాలోని రసాయన విద్యా పత్రిక ఒక వ్యాసం వేసింది. తెల్ల జిగురుతోనూ ఆ పని అవుతుందని తేలాక ల్యాబుతో పనిలేకపోయింది. 2016, 2017లలో ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వీడియోలు చూసి పిల్లలంతా ఇళ్లలో కలపడం మొదలుపెడితే, అమెరికా దుకాణాల్లో ఎల్మర్స్ జిగురుకు కొరత వచ్చింది. మన ఇళ్లలో ఫెవికాల్ డబ్బాలు ఖాళీ అయ్యాయి.

నా దృష్టిలో స్లైమ్ చరిత్రలో పెద్ద మలుపు ఇదే. డబ్బాలో కొన్న ముద్ద వేళ్లకు పని చెబుతుంది, అంతవరకే. కలిపే పిల్లకు మాత్రం కొలత అర్థమవుతుంది. ముడివేసే ద్రవం ఒక చెంచా ఎక్కువైతే ముద్ద బిరుసెక్కి రబ్బరులా తెగుతుంది, తక్కువైతే చేతికి అంటుకుపోతుంది. ఒక్కసారే గుమ్మరించకూడదు, కొంచెం కొంచెంగా పోసి కలుపుతూ ఆగాలి. అయిదేళ్ల పిల్లకు ‘ఆగు’ అని చెప్పడం వేరు, గిన్నె నేర్పడం వేరు. గిన్నె నేర్పేది ఇంకొకటీ ఉంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జ్యాఁ పియాజే మట్టి ముద్దను పొడుగ్గా చుట్టి చూపితే, చిన్నపిల్లలు మట్టి పెరిగిందనేవారు. ఆకారం మారినా పదార్థం అంతే ఉంటుందన్న ఎరుక ఏడెనిమిదేళ్లకు గాని స్థిరపడదు. పళ్లెమంతా పరుచుకున్న స్లైమ్‌ను మళ్లీ చిన్న గిన్నెలోకి ఎత్తే పిల్ల ఆ సందేహంతోనే ఆడుకుంటోంది. అన్నీ కొలిచి పొట్లాలు కట్టి ఇచ్చే ఖరీదైన కిట్లంటే నాకు అందుకే సరిపడదు. పాడయ్యే అవకాశం లేనిచోట ప్రయోగం ఎక్కడిది?

అయితే వెలిగారం పసిపిల్లల చేతికిచ్చే వస్తువు కాదు. చర్మాన్ని మండిస్తుంది, కడుపులోకి పోతే ప్రమాదం. ఇంట్లో చేసే స్లైమ్‌లో దాన్ని వాడొద్దని 2016లో కెనడా ఆరోగ్య శాఖ చెప్పింది. ఐరోపా సమాఖ్య జిగట బొమ్మల నుంచి బయటికొచ్చే బోరాన్‌కు కిలోకు 300 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. వీడియోల్లో బదులుగా చూపే కాంటాక్ట్ లెన్సుల ద్రవాల్లోనూ బోరిక్ ఆమ్లమో బోరేటో ఉంటుంది, సీసా మారిందంతే.

నోట్లో వేళ్లు పెట్టుకునే వయసు పిల్లలకు కార్న్‌ఫ్లోర్ చాలు. రెండు వంతుల పిండికి సుమారు ఒక వంతు నీళ్లు. గుద్దితే రాయిలా నిలుస్తుంది, చెయ్యి వదులు చేస్తే కారిపోతుంది. గుంజితే తెగే స్లైమ్‌ది ఒక తీరు, గుద్దితే గట్టిపడే దీనిది ఇంకో తీరు. ఆట అయ్యాక సింకులో మాత్రం పోయకండి, పిండి పైపు అడుగున పేరుకుంటుంది. పళ్లెంలోనే ఎండనిచ్చి, గీకి చెత్తబుట్టలో వేయడం మేలు.