ముష్టియుద్ధమున దేహభారము



మధురానగరమున కంసుని మల్లరంగములో బాలకృష్ణునకు ఎదురుగా చాణూరుడు నిలిచినపుడు, చూడవచ్చిన పురస్త్రీలు ఇది అధర్మమని వాపోయినట్లు భాగవతకథ. వారి ఆక్షేపణలో రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. పెద్ద దేహము గలవాడు గెలిచితీరునా? అట్టివానితో చిన్నవానిని పోరుకు దింపుట న్యాయమా? పురాణమును పురాణముగా విడిచి, ఈ రెండు ప్రశ్నలను పాశ్చాత్యుల ముష్టియుద్ధ చరిత్రలో, అందును హెవీవెయిటు అను భారీ తరగతిలో, విచారింపవలెనని నా సంకల్పము.

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో ఈ క్రీడ తలయెత్తినపుడు తరగతుల ఊసే లేదు. 1743లో జాక్ బ్రౌటన్ వ్రాసిన నియమములలో పడినవానిని కొట్టరాదనియు, నడుమునకు దిగువ పట్టరాదనియు ఉన్నదేకాని, ఎంత బరువువాడు ఎంత బరువువానితో పోరవలెనో లేదు. 1867లో క్వీన్సుబరీ ప్రభువు పేర వెలువడిన నియమములు చేతితొడుగులను, మూడు నిమిషముల రౌండులను నిర్ణయించెను. తుదకు 1909లో లండనులోని నేషనల్ స్పోర్టింగు క్లబ్బువారు ఎనిమిది తరగతులను స్థిరపరచిరి. వానిలో ఏడింటికి పై హద్దు కలదు. ఎనిమిదవదానికి లేదు. 175 పౌనులు దాటినవా డెవడైనను సరే, దానికి ఒక పౌను మించినవాడును, నూరు పౌనులు మించినవాడును ఒకే బరిలో నిలువవలసినదే. ఏడు గదులకు కప్పు వేసి ఎనిమిదవదానిని ఆకాశమునకు వదలిపెట్టినట్లున్నది. మన ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకునది ఈ కప్పులేని గదిలోనే.

మొదట చెప్పదగినవాడు బాబ్ ఫిట్జ్‌సిమన్సు. 1863లో ఇంగ్లండున కార్న్‌వాలు సీమలో పుట్టి, న్యూజీలండున తిమారు పట్టణములో పెరిగి, కమ్మరి పని చేసినవాడు. సన్నని కాళ్లు, బట్టతల. చూపునకు జెట్టివలె నుండడు. సమ్మెట యెత్తిన భుజములు, వీపు మాత్రము ఆ కాళ్లపై మరియొకరివి తెచ్చి నిలిపినట్లుండెడివి. 1891లో మిడిల్‌వెయిటు బిరుదము గెలిచెను. 1897 మార్చి 17వ తేదీన నెవాడా రాష్ట్రమున కార్సన్ సిటీలో నాటి జగజ్జెట్టి జేమ్స్ కార్బెటును ఎదుర్కొనెను. అప్పు డాతని బరువు సుమారు 167 పౌనులు. కార్బెటు 180 పౌనులు పైబడినవాడు. పైగా ఆ కాలమున ఆతనిని మించిన నేర్పరి లేడని ప్రతీతి. ఆరవ రౌండున ఫిట్జ్‌సిమన్సు నేల కరచెను. లేచి, దెబ్బలు తినుచునే కాచియుండి, పదునాల్గవ రౌండున రొమ్ముటెముక ముగియుచోట నుండు గుంటలో ఎడమచేత పొడిచెను. కార్బెటుకు తెలివి తప్పలేదు. ఊపిరి ఆడలేదు, కాళ్లు వశము తప్పినవి. పది లెక్కపెట్టులోపల లేవజాలకపోయెను.

ఎంత పెద్దవాడైన అంత గట్టిగా పడునను మాటను వాడుకలోనికి తెచ్చినవాడు ఈ ఫిట్జ్‌సిమన్సే యని చెప్పుకొందురు. మాట సొంపుగానే యున్నది. దానిని నమ్మి ఆతనిపై పందెము కాచినవారు మాత్రము రెండుమారులు సొమ్ము పోగొట్టుకొని యుందురు. 1899 జూన్ 9న న్యూయార్కునకు చేరువనున్న కోనీ ఐలండులో జేమ్స్ జెఫ్రీసు ఎదురయ్యెను. బాయిలర్లు చేయు పనివాడు; 24 ఏండ్లవాడు; బరువు 200 పౌనులకు పైమాట. ఫిట్జ్‌సిమన్సునకు 36 ఏండ్లు, బరువు మునుపటిదే. పదునొకండవ రౌండున ఓడిపోయెను. 1902 జూలై 25న సాన్‌ఫ్రాన్సిస్కోలో మరల తలపడిరి.

ఈ రెండవ పోరుమీద నాకు మక్కువ యెక్కువ. ముప్పదితొమ్మిదేండ్ల మనిషి, తనకంటె నలువది పౌనులకు మించి బరువైన యువకుని ముక్కు పగులగొట్టి, చెక్కిళ్లు చీల్చి, ఏడు రౌండులు నెత్తురు కార్చెను. నేర్పులోను, తగిలిన దెబ్బల లెక్కలోను ఆతడే మిన్న. ఐనను జెఫ్రీసు వెనుకకు పోలేదు. కొట్టగా కొట్టగా కొట్టినవాని చేతులే చితికినవి. ఎనిమిదవ రౌండున జెఫ్రీసు దెబ్బ ఒకటి సరిగా తగిలెను, కథ ముగిసెను.

దేహభారము చేయు అసలు మేలు నాకిచ్చట కనబడుచున్నది. పెద్దవాడు గట్టిగా కొట్టుననుట అందరెరిగినదే. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు: పెద్దవాడు తప్పు చేసియు నిలువగలడు. చిన్నవాడు ఏడు రౌండులు తప్పులేకుండ పోరి, ఎనిమిదవ రౌండున ఒక్కసారి ఏమరినచో సర్వము పోవును. వర్తకమున పెట్టుబడి విస్తారముగా గలవానికి ఒక నష్టము లెక్కలోనిది కాదు. చిల్లర వ్యాపారికి అదే దివాలా.

దీనికి విరుద్ధముగా తోచు ఉదాహరణము 1919 జూలై 4న ఒహాయో రాష్ట్రమున టొలీడోలో జరిగిన పోరు. జగజ్జెట్టి జెస్ విల్లర్డు ఆరడుగుల ఆరంగుళములకు పైబడిన మనిషి. బరువు 245 పౌనులు. ఎదిరి జాక్ డెంప్సీ ఆరడుగుల అంగుళము, 187 పౌనులు. ఏబది యెనిమిది పౌనుల తేడా యన్నమాట. మండుటెండలో పోరు మొదలయ్యెను. మొదటి రౌండులోనే విల్లర్డు ఏడుమారులు కూలెను. మూడు రౌండులు ముగిసిన పిమ్మట నాల్గవదానికి లేవలేదు. దీనిని జూచి దేహభారము ఒట్టి భ్రమ యని వ్రాసినవారు కలరు. నేనట్లనుకొనను. విల్లర్డునకు అప్పటికి 37 ఏండ్లు. 1915లో హవానాలో జాక్ జాన్సనును గెలిచినది మొదలు నాలుగేండ్లలో బిరుదమునకై పోరినది ఒక్కసారియే. అంతియకాక, పడినవాడు లేచువరకు దూరముగా నిలువవలెనను కట్టుబాటు ఆనాడు అమలులో లేదు. డెంప్సీ పడినవాని పైననే నిలిచి, మోకాలు నేలనుండి లేచీలేవకముందే మరల కొట్టెను. అట్టి స్థితిలో ఏడుమారులు పడియు మరి రెండు రౌండులు నిలిచినవాడు విల్లర్డు. ఆ నిలుకడ ఆతని దేహమిచ్చినదే. దానిని వినియోగించుకొను విద్య ఆతనికి చాలదు.

విద్య చాలని దేహమునకు మరియొక పేరు ప్రీమో కార్నేరా. ఇటలీ దేశమున ఫ్రియూలీ సీమలోని సెక్వాల్స్ గ్రామమువాడు. సర్కసులో బలప్రదర్శనములు చేయుచుండగా ఫ్రెంచివారు చూచి ముష్టియుద్ధమునకు మరలించిరి. 260 మొదలు 270 పౌనుల బరువు. అమెరికాలో ఆతని పోరులను నడిపిన పెద్దమనుష్యులు మంచివారు కారు. ఆతని గెలుపులలో పెక్కు ముందుగా కుదుర్చుకొన్నవేయని విస్తారముగా ప్రచారము కలదు.

1933 ఫిబ్రవరి 10న న్యూయార్కులో ఎర్నీ షాఫ్ అనువాడు కార్నేరాతో పోరి, పదుమూడవ రౌండున కూలి, నాలుగు దినములకు మరణించెను. తగిలిన దెబ్బ పెద్దది కాదని చూచినవారు పలికిరి. షాఫ్ 200 పౌనులు దాటిన బలశాలి. ఐనను కార్నేరాకంటె ఏబది పౌనులకు పైగా తక్కువ. దేశమంతటను గగ్గోలు పుట్టినది. మధురాపురస్త్రీల మాటయే అప్పుడు పత్రికలలో వినవచ్చెను. ఇట్టి మహాకాయులకు వేరు తరగతి ఏర్పరుపవలెనని న్యూయార్కు క్రీడాధికారులు సంకల్పించిరి. పిదప తేలినదేమనగా, షాఫ్ మెదడునకు అంతకుముందే వ్యాధి సోకియున్నది; మునుపటి యేడు మాక్స్ బేరుతో పోరినపుడు తిన్న దెబ్బలే ఆతనిని లోలోన కృశింపజేసెనని నమ్మినవారును కలరు. సంకల్పము సంకల్పముగానే పోయెను. అదే సంవత్సరము జూన్ 29న, అదే న్యూయార్కులో, కార్నేరా జాక్ షార్కీని పడగొట్టి జగజ్జెట్టి యయ్యెను!

ఆ షాఫ్ మరణమును తలచినపుడు నాకు రోత పుట్టునది దేహముల తేడాను గూర్చి కాదు. వ్యాధిగ్రస్తుడైన మనుష్యుని బరిలోనికి పంపినవారు, నేరమును ప్రత్యర్థి పొడవుమీదను బరువుమీదను త్రోసి ఊరకుండిరి. కొలబద్దకు, త్రాసునకు తెలియని సంగతులుండును.

కార్నేరా మహిమ ఒక యేడు నిలిచెను. 1934 మార్చి 1న మయామీలో, తనకంటె ఎనుబది పౌనులకు పైగా తక్కువైన టామీ లోగ్రనును పదునైదు రౌండులలో మార్కులతో మాత్రమే గెలువగలిగెను. జూన్ 14న మాక్స్ బేరు ఆతనిని పెక్కుమారులు పడగొట్టి, పదునొకండవ రౌండున బిరుదము లాగుకొనెను. మరుసటియేడు జో లూయీ ఆరవ రౌండున ముగించెను.

దేహము పెరిగినకొలది బలము అదే పాళ్లలో పెరుగదనుటకు శాస్త్రాధారము కలదు. గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. మనిషిని అన్ని వైపుల రెట్టింపు చేసినచో బరువు ఎనిమిదింతలగును. ఎముకల, కండల అడ్డుకోత వైశాల్యము నాలుగింతలే యగును. కావున మహాకాయుడు తన బరువును తానే మోయుటకు ఎక్కువ శ్రమపడును, త్వరగా అలయును. దవడకు దెబ్బ తగిలినపుడు తల గిర్రున తిరుగుటచే మెదడు కదలును. లావైన మెడ దానిని కొంత ఆపును గాని పూర్తిగా ఆపదు. వేరొకవైపు, పెద్దవానికి పొడుగు చేతులు కలవు, ఎదిరికి అందకుండ కొట్టగలడు. కౌగిలించి మీద వ్రాలినచో చిన్నవాడు ఆ బరువు మోసియే అలసిపోవును. ఈ లాభనష్టములలో నేర్పుగలవానికి మొదటివి తగ్గవు, రెండవవి తగ్గును. నేర్పు లేనివానికి అంతయు తారుమారు.

1941 జూన్ 18న న్యూయార్కులో జో లూయీకి ఎదురు నిలిచిన బిల్లీ కాన్ కథ ఈ విషయమున నాకు శాస్త్రమువంటిది. కాన్ 23 ఏండ్లవాడు. తూనికలో 174 పౌనులని ప్రకటించిరి, నిజమున కంతకంటె తక్కువయని వాడుక. లూయీ 199 పౌనులకు పైన. పండ్రెండు రౌండులు గడచునప్పటికి ఇద్దరు నిర్ణేతల లెక్కలో కాన్ ముందున్నాడు. మూడవవాని లెక్కలో సరిసమానము. మిగిలిన మూడు రౌండులు తప్పించుకొని తిరిగినచో బిరుదము తనది. అట్లు చేయక, పడగొట్టియే గెలువవలెనని పదుమూడవ రౌండున దగ్గరకు పోయి కలియబడెను. ఆ రౌండు ముగియుటకు రెండు క్షణములుండగా లూయీ ఆతనిని నేలగూల్చెను. లూయీ ఆ రాత్రి చేసిన తప్పులు లెక్కలేనన్ని. కాన్ చేసినది ఒక్కటి.

డెంప్సీ, ఫిట్జ్‌సిమన్సు, 49 పోరులలో ఒక్కటియు ఓడక 1956లో విరమించిన రాకీ మార్చియానో, వీరెవ్వరును నేటి నియమముల ప్రకారము తమ బరువున భారీ తరగతివారు కానేకారు. 1979 ప్రాంతమున క్రూజర్‌వెయిటు అను నడిమి తరగతి ఏర్పడెను. దాని హద్దు 2003లో 200 పౌనులయ్యెను. లెనక్స్ లూయిసు, ఉక్రెయినుకు చెందిన క్లిచ్‌కో సోదరులు, వీరు ఆరడుగుల అయిదంగుళములు మొదలుకొని పొడుగువారు, నేర్పరులును. వీరి కాలమున చిన్నవారికిక చోటు లేదని లోకము నిశ్చయించెను. 2009 నవంబరు 7న జర్మనీలో డేవిడ్ హే అనువాడు, ఏడడుగుల పొడవు, 316 పౌనుల బరువు గల నికొలాయ్ వాల్యుయేవును పండ్రెండు రౌండులు చుట్టి తిరిగి మార్కులతో గెలిచినపుడు, అది వాల్యుయేవు మాంద్యమని సరిపెట్టుకొన్నది.

టైసన్ ఫ్యూరీ విషయమున ఆ సమాధానము చెల్లదు. ఆరడుగుల తొమ్మిదంగుళముల ఈ ఆంగ్లేయుడు తేలికైన అడుగులవాడు. 2015లో వ్లాదిమీర్ క్లిచ్‌కోను ఓడించినవాడు. 2024 మే 18న రియాదులో ఆతని కెదురు నిలిచినవాడు ఉక్రెయిను దేశీయుడు ఒలెక్సాండర్ ఉసిక్. ఆరంగుళములు పొట్టి, మునుపు క్రూజర్‌వెయిటు బిరుదములన్నియు గెలిచినవాడు. నడిమి రౌండులలో ఫ్యూరీ పైచేయి. తొమ్మిదవ రౌండున ఉసిక్ కొట్టిన దెబ్బలకు ఫ్యూరీ త్రాళ్లపైకి ఒరగెను, మధ్యవర్తి లెక్కపెట్టవలసివచ్చెను. ముగ్గురు నిర్ణేతలలో ఇద్దరు ఉసిక్ పక్షము. అదే యేడు డిసెంబరు 21న ఫ్యూరీ 281 పౌనులతో వచ్చెను. ఈ మారు ముగ్గురును ఉసిక్ గెలిచెననిరి. రెండు పోరులు, ఇరువదినాలుగు రౌండులు. ఫిట్జ్‌సిమన్సునకు ఏడింటితో తెగిన దారము ఆతనికి తెగలేదు.

వేరు తరగతి కావలెనను 1933 నాటి సంకల్పమును వరల్డ్ బాక్సింగు కౌన్సిలువారు 2020లో మరల చేపట్టి, భారీ తరగతికి దిగువ 224 పౌనుల హద్దుతో ఒక తరగతి నేర్పరచిరి. అంతకు లోబడినవారిని మహాకాయులనుండి కాపాడుట దాని యుద్దేశము. 2024 మే నెలలో, 262 పౌనుల ఫ్యూరీపై గెలిచిన పోరునకు ముందటి తూనికలో, ఉసిక్ బరువు 223న్నర పౌనులు.