బుధవారం రాత్రుల బహస్

‘మొఘలే ఆజమ్’ 1960లో వచ్చింది. మౌసీఖీ నౌషాద్‌ది, కలం షకీల్ బదాయూనీది. అదే ఏడాది వచ్చిన ‘చౌద్‌వీఁ కా చాంద్’ పాటలూ షకీలే రాశారు, సంగీతం రవి. సాహిర్ లుధియాన్వీ, రోషన్ కలిసి ‘బర్సాత్ కీ రాత్’ ఇచ్చిందీ ఆ ఏడాదే. మూడింటికి మూడూ ఉర్దూలో తడిసి ముద్దయిన సినిమాలు. ఏడాది చివర బినాకా గీత్‌మాలా సాలానా ప్రోగ్రాంలో అమీన్ సయానీ ‘సర్‌తాజ్ గీత్’ అని ప్రకటించింది ‘బర్సాత్ కీ రాత్’ పాటను. ఫిల్మ్‌ఫేర్ వాళ్లేమో పాటకూ గానానికీ షకీల్‌ను, రఫీని ‘చౌద్‌వీఁ కా చాంద్’కు మెచ్చుకుని, సంగీతం ఇనామ్ మాత్రం ‘దిల్ అప్నా ఔర్ ప్రీత్ పరాయీ’ చేసిన శంకర్-జైకిషన్‌కు ఇచ్చారు. నౌషాద్ సాబ్ ఖాళీ చేతులతో మిగిలిపోయారు.

ఇది నాఇన్సాఫీ అని మా బడే అబ్బా చివరిదాకా అంటూనే ఉన్నారు. ఆయన ఒక్కరే కాదు. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో, వరంగల్ మండీ బజార్ చాయ్ దుకాణాల్లో ఆ తరం వాళ్లు ఎక్కడ కూర్చున్నా ఈ బహస్ లేచేది. ఏ పాట గొప్పది, ఎందుకు గొప్పది, గొప్పదని ఫైసలా చేయడానికి నువ్వెవరు? ఈ మూడో సవాల్ దగ్గరే నాకు అసలు తారీఖ్ కనిపిస్తుంది.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ వజీర్ అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాట అంటే గిట్టదు. ఆకాశవాణి వాటి సమయాన్ని కోసేసింది. సినిమా పేరు చెబితే అది వ్యాపార ప్రకటన అవుతుందని పేరు చెప్పడమూ మానేసింది. నిర్మాతలకు కోపం వచ్చి పాటలు వేసుకునే ఇజాజత్ వెనక్కి తీసుకున్నారు. అలా దేశం రేడియోలో సినిమా పాట దాదాపు మాయమైంది. కేస్కర్‌కు మరో ఖయాల్ కూడా ఉండేది. హిందుస్తానీ సంగీతం ముస్లిం ఉస్తాదుల చేతుల్లో పడి దారి తప్పిందని ఆయన రాసుకున్నారు. ఆకాశవాణి హిందీ నుంచి ఉర్దూ మాటలు ఒక్కొక్కటే రాలిపోతున్న జమానా కూడా అదే. మన తెలంగాణలో అయితే ఇంకో దెబ్బ తాజాగా ఉంది. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయింది. జిల్లాల్లో మన పిల్లలు ఎక్కువగా తెలుగు బడులకు మళ్లారు. మా ఇంట్లోనే చూడండి, బడే అబ్బా అలిఫ్-బే చదివారు, ఎనిమిదేళ్లు చిన్నవారైన మా అబ్బా అ-ఆలు దిద్దారు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు, ఒకరు రాసిన ఖత్ ఇంకొకరు చదవలేరు.

సముద్రం అవతల కొలంబోలో రేడియో సిలోన్‌కు ఈ పరహేజ్ ఏమీ లేదు. దాని షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్ల తాకత్ మన దేశమంతా అందేది. సీబా కంపెనీ తన బినాకా టూత్‌పేస్ట్ కోసం 1952 డిసెంబర్‌లో గీత్‌మాలా మొదలుపెట్టింది. బొంబాయిలో రికార్డ్ చేసి టేపును విమానంలో కొలంబో పంపేవారు. వారానికి 25 రూపాయల మీద ఈ పని ఒప్పుకున్న కుర్రవాడు అమీన్ సయానీ. ఆయన అమ్మ కుల్సుమ్ సయానీ ‘రహబర్’ అనే పత్రిక నడిపేవారు. తేలిక హిందుస్తానీలో రాసిన ఒకే మాటను దేవనాగరి, ఉర్దూ, గుజరాతీ మూడు లిపుల్లో అచ్చు వేసేవారు. లిపి ఏదైనా జబాన్ ఒక్కటే అని నమ్మిన ఇంట్లో పెరిగిన మనిషి తర్వాత నలభై ఏళ్లు లిపి అవసరమే లేని చోట మాట్లాడాడు.

మొదట్లో గీత్‌మాలా ఒక పోటీ. ఏడు పాటలు వరస తప్పించి వేస్తారు, వినేవాళ్లు వాటిని మక్బూలియత్ ప్రకారం వరసలో పెట్టి పంపాలి. సరిపోతే వంద రూపాయల ఇనామ్‌లో వాటా. నలభై, యాభై ఖత్‌లు వస్తాయనుకుంటే మొదటి ప్రోగ్రాంకే తొమ్మిది వేలు వచ్చాయని, తర్వాత వారానికి 65 వేల దాకా వెళ్లాయని అమీన్ సయానీ స్వయంగా చెప్పుకున్నారు. ఆ మూటలు విప్పలేకే 1954 చివర పద్ధతి మార్చారు. పోటీ తీసేసి పాటలకు పాయ్‌దాన్‌లు పెట్టారు. పాయ్‌దాన్ అంటే మెట్టు. ఈ వారం ఫలానా పాట ఒక మెట్టు ఎక్కింది, ఫలానాది దిగింది. ఆ మాట విని విని మా మొహల్లాలో పరీక్ష ఫలితాలకు కూడా పాయ్‌దాన్ అనేవారు.

మెట్టు ఎవరు నిర్ణయిస్తారు? రికార్డుల దుకాణాల నుంచి అమ్మకాల లెక్క తెప్పించేవారు. అయితే రికార్డు కొనేవాడు డబ్బున్నవాడు. పైగా సొంత పాటను పైకి నెట్టాలనుకున్న నిర్మాత పెట్టెలకు పెట్టెలు తనే కొనిపించుకోగలడు. అందుకే శ్రోతా సంఘాల రాయ్ కూడా కలిపారు. ఊరూరా కుర్రాళ్లు, రైల్వే గుమాస్తాలు, టైలర్లు, బీడీ కార్మికులు సంఘం పెట్టుకుని, ఏ కొత్త పాట నచ్చిందో తేల్చి కార్డు ముక్క రాసేవారు. అప్పటి బీహార్‌లో అభ్రకం గనుల ఊరు ఝుమ్రీ తలైయా ఈ ఫర్మాయిషీ కార్డులతోనే దేశమంతా మషూర్ అయింది. గ్రామఫోన్ లేని, రేడియో లైసెన్సు ఫీజు కట్టడానికే తడుముకునే మనిషికి కూడా ఒక పోస్టు కార్డు ధరకు ఓటు దొరికింది. ఎన్నికల ఓటు అయిదేళ్లకు ఒకసారి, ఇది వారం వారం.

మా అబ్బా కార్డులు చాయ్ హోటల్లో లెక్కలు రాసే ఒక మున్షీ గారితో రాయించేవారు. తెలుగులో రాస్తే అవతల చదివేవాళ్లు ఉండరు, ఉర్దూ తనకు రాదు. మున్షీ గారు రాస్తూ రాస్తూ పాట గురించి తన రాయ్ కూడా జొప్పించేవారట. కార్డు ఒకటే, అందులో గొడవపడే అభిప్రాయాలు రెండు.

ఇక 1960 బహస్‌కు వస్తాను, అందులో రుచి ఎక్కువ. షకీల్ వర్గం వాళ్లది ఒక దలీల్: షాయరీ అంటే నజాకత్, మాట మెత్తగా పడాలి, గజల్ రివాయత్ కనబడాలి. సాహిర్ వర్గం వాళ్లది ఇంకోటి: పాటలో కూడా మనిషి, అతని ఆలోచన కనబడాలి. పాట రాసినవాడి పేరు కూడా ఆకాశవాణి చెప్పి తీరాలని పట్టుబట్టి సాధించింది సాహిరే అని వాళ్లు గర్వంగా చెప్పేవారు. ‘బర్సాత్ కీ రాత్’ ఖవ్వాలీల మాట ఎత్తితే షకీల్ వర్గం కాస్త తగ్గేది. అప్పుడు బడే అబ్బా బడే గులామ్ అలీ ఖాన్‌ను బయటికి తీసేవారు. ఉస్తాద్ ఏ సినిమాకూ పాడనంటే, ఒక్కో పాటకు 25 వేలు అడిగితే కె. ఆసిఫ్ మారు మాట్లాడకుండా ఇచ్చాడని చెప్పుకునే కిస్సా అది. రఫీ, లతా కొన్ని వందలు తీసుకునే రోజులు. ఆ ఉస్తాదే 1968లో మన హైదరాబాద్‌లోనే కన్ను మూశారు గనుక ‘మొఘలే ఆజమ్’ మన సొంతం అన్నట్టు మాట్లాడేవారు బడే అబ్బా. దానికి సాహిర్ వర్గం జవాబు సిద్ధంగా ఉండేది: ‘బర్సాత్ కీ రాత్’ హీరో ఎవరు? అమాన్ హైదరాబాదీ. షాయర్, రేడియోలో పాడతాడు. మనవాడు కాడా?

నవ్వుకోవచ్చు గానీ, ఈ మాటల మధ్యలో ఒక పని జరిగిపోతూ ఉండేది. రదీఫ్ అంటే ఏమిటో, ఖాఫియా ఎక్కడ తప్పిందో బడి ముఖం చూడనివాళ్లకు తెలిసిపోయేది. తలఫ్ఫుజ్ మీద తగాదాలు వేరే. మన దక్కనీ నోట్లో ‘ఖాఫ్’ అక్షరం ‘ఖే’ అయిపోతుంది. కలమ్‌ను ఖలమ్ అంటాం. రేడియోలో రఫీ గొంతు లోపలి నుంచి ఆ హర్ఫ్‌ను పలికితే, మా పెద్ద ఫుప్పు, సంతకం కూడా రాని మనిషి, వంటింట్లోంచి ‘ఐసా బోల్నా’ అని మగవాళ్లను అదిలించేవారట. ఆ పాడేవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారు? మరాఠీవాళ్ల ఉర్దూలో పప్పన్నం వాసన వస్తుందని దిలీప్ కుమార్ అన్న ఒక్క మాటకు లతా మంగేష్కర్ మౌల్వీని పెట్టుకుని ఉర్దూ నేర్చుకున్నారు. కొత్త పాట నచ్చిందా లేదా అన్నదానికి ఆ ఇంట్లో తలఫ్ఫుజ్ కూడా ఒక తరాజూ.

మా అమ్మీ పాటల కాపీ ఇప్పటికీ ఉంది. నూటెనభై పేజీల నోట్‌బుక్, పాటలన్నీ ఉర్దూవి, అక్షరాలన్నీ తెలుగువి. ‘జ’ కింద చుక్క పెట్టి ‘జే’ అని, ‘గ’ కింద చుక్క పెట్టి ‘గైన్’ అని తనే ఒక పద్ధతి ఏర్పరచుకుంది. రేడియోలో పాట ఒకసారే వస్తుంది, మళ్లీ వచ్చేదాకా ఖాళీ వదిలిన మాటలు అక్కడక్కడా అలాగే ఉన్నాయి. అజాన్ వినిపిస్తే రేడియో గొంతు తగ్గించేవారు గనుక పోయిన మాటలు కూడా అందులో ఉండే ఉంటాయి. గానా-బజానా మంచిది కాదనే పెద్దలు ఇంట్లో లేకపోలేదు. బుధవారం రాత్రి ఎనిమిదింటికి వాళ్లు కూడా ఏదో ఒక మిషతో అదే గదిలో ఉండేవారని అమ్మీ నవ్వుతూ చెబుతుంది.

1966లో ఇంకో పెద్ద తగాదా. సర్‌తాజ్ గీత్ ‘సూరజ్’ పాట. ఫిల్మ్‌ఫేర్ సంగీతం ఇనామ్ కూడా ‘సూరజ్’కే, శంకర్-జైకిషన్‌కే. ఎస్.డి. బర్మన్ ‘గైడ్’కు ఏమీ లేదు. ‘గైడ్’ పాటలు రాసిన శైలేంద్ర ఆ డిసెంబర్‌లోనే పోయారు. పెళ్లి బాజాలో మోగే పాట గెలిచిందని ఒకరు, మనిషి లోపల మోగే పాట ఓడిందని ఒకరు. నా మట్టుకు నాకు ఈ కేసులో జనం తీర్పు తప్పనిపించదు. ‘సూరజ్’ పాట లేకుండా బరాత్ కదిలిన ఊరు ఉందా? ‘గైడ్’ నిలవలేదా అంటే అదీ నిలిచింది. వారం వారం లెక్క వారానికే పనికొస్తుంది, అంతకంటే దాని మీద బరువు మోపకూడదు.

1957లో వివిధ భారతి వచ్చి ఆకాశవాణి కూడా దారికొచ్చింది. 1980ల్లో క్యాసెట్ వచ్చాక బహస్ రూపం మారింది. పాట కోసం ఎదురుచూడటం పోయింది, మొత్తం ఆల్బమ్ చేతికొచ్చింది. జగ్జీత్-చిత్రా, పంకజ్ ఉధాస్, మన హైదరాబాద్ తలత్ అజీజ్. కొత్త క్యాసెట్ ఒకరు కొంటే పదిమంది ఖాళీ క్యాసెట్లు పట్టుకుని వచ్చేవారు. గజల్‌లో గిటార్ ఏమిటని బడే అబ్బా జగ్జీత్‌ను అసలు ఒప్పుకోలేదు. బేగం అఖ్తర్ తర్వాత తలుపు మూసేశారన్నది ఆయన ఫైసలా.

1988లో గుల్జార్ దూరదర్శన్‌కు ‘మిర్జా గాలిబ్’ తీశాక, దాని క్యాసెట్ మా ఇంట్లో ఏళ్ల తరబడి తిరిగింది. నేను హైస్కూల్‌కు వచ్చేసరికి ఇంట్లో ఉర్దూ మీడియం పిల్లాణ్ని నేనొక్కణ్నే. అబ్బా పట్టుబట్టి చేర్పించారు. జగ్జీత్ ఒక మిస్రా పాడగానే అబ్బా టేప్ ఆపి, ఈ ఫార్సీ మాటకు మానీ ఏమిటని నన్ను అడిగేవారు. నేను ఫీరోజుల్లుగాత్ తీసి వెతికేవాణ్ని. దొరికిన మానీ పాటకు అతకదని బడే అబ్బా, అతుకుతుందని అబ్బా. ఇద్దరి మధ్య లుగాత్ పేజీల అంచులు చిరిగిపోయాయి.

గీత్‌మాలా 1989లో వివిధ భారతికి మారి, 1994లో ఆగింది. అమీన్ సయానీ 2024 ఫిబ్రవరిలో 91 ఏళ్ల వయసులో ఇంతెఖాల్ అయ్యారు. ఆ వార్త తెలుగులో రాసే పని ఆ రోజు నాకే వచ్చింది. రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే అబ్బా చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘1966 సంగతి రాశావా బేటా? గైడ్‌కు రావాల్సింది’ అన్నారు. పక్క నుంచి అమ్మీ గొంతు వినిపించింది, సూరజ్‌కే రావాలని.