బైకుల్లా అగ్నిమాపక కేంద్రం

ముంబయిలో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న కామాటిపురానికి కూతవేటు దూరంలోనే బైకుల్లా ఉన్నది. నగర అగ్నిమాపక దళపు ప్రధాన కేంద్రం అక్కడనే వెలసింది. ఎర్రని బండి గంట మోగించుకుంటూ వెలువడినప్పుడు దారి ఇచ్చి తొలగడమే తప్ప, ఆ పాత ఆవరణ వైపు ఒకమారు తలెత్తి చూసే బాటసారులు అరుదు. కాని ఈ నగరం నిప్పుతో సాగించిన సుదీర్ఘ సమరంలో ఆ ఆవరణకు విశిష్టమైన స్థానమున్నది.

1803 ఫిబ్రవరిలో కోట ప్రాంతంలో చెలరేగిన అగ్ని అక్కడి బజారులను భస్మీపటలం చేసింది. ఆ పిమ్మట జనావాసాలు కోట వెలుపలికి విస్తరించాయి. అలా పెరిగిన నగరంలో రాళ్లు మోసి, గోడలు కట్టి, రోడ్లు వేసిన శ్రామికులలో నిజాము రాజ్యం నుంచి వలస వచ్చిన కామాటీలు అనేకులు. వారి పేరనే కామాటిపురం ఏర్పడింది. తొలిదశలో మంటలార్పే పని పోలీసుల అజమాయిషీలో సాగేది. 1887లో ప్రత్యేక దళం ఏర్పడింది. 1888 నాటి మునిసిపల్ చట్టం ఆ బాధ్యతను నగరపాలక సంస్థకు అప్పగించింది.

బైకుల్లా ఉనికిని పరిశీలిస్తే అగ్నిమాపక కేంద్రానికి అది ఎంత అనువైనదో బోధపడుతుంది. దక్షిణాన కోట, వ్యాపార వీధులు. తూర్పున మజగావ్, రేవులు. ఉత్తరాన పరేల్, లాల్‌బాగ్ బట్టల మిల్లులు. పడమట కిక్కిరిసిన చాళ్లు. మిల్లులలో గాలిలో తేలియాడే పత్తినూగుకు ఇనుప యంత్రపు రాపిడిలో పుట్టిన ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ నూగునే తలపై మోసుకొని ఇల్లు చేరిన తెలుగు కార్మికుల కుటుంబాలకు ఫైరింజను గంట అంటే గుండె ఝల్లుమనే పిలుపు. ఆ గంట ఏ మిల్లు దిక్కుగా సాగిందో తెలిసేవరకు ఇంటిల్లిపాదికీ స్థిమితముండేది కాదు.

అగ్నిమాపక కేంద్రపు కట్టడానికి దాని కర్తవ్యమే రూపురేఖలు దిద్దుతుంది. బండ్లు నిలిపే గదుల వెడల్పాటి తలుపులు నేరుగా వీధిలోకి తెరుచుకుంటాయి. సిబ్బంది కుటుంబాలు ఆ ఆవరణలోనే నివసిస్తాయి. గంట మోగిన నిమిషంలోపుననే బండి కదలాలన్నది ఈ ఏర్పాటులోని ఆంతర్యం. తొలినాళ్లలో ఆ బండ్లను గుర్రాలు లాగేవి. 1907లో మోటారు బండి వచ్చింది. 1920 నాటికి గుర్రాలు నిష్క్రమించాయి. బండ్లు మారినా పద్ధతి మారలేదు. అందుచేత తండ్రి మంటలలోకి బయలుదేరడాన్ని పిల్లలు తమ వాకిట నిలిచి చూడవలసి వచ్చేది.

1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో నిలిచిన ‘ఫోర్ట్ స్టికిన్’ నౌకలో మంటలు లేచాయి. అందులో దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలతోపాటు పత్తి బేళ్లు కూడా ఉన్నాయి. ప్రమాదాన్ని సూచించే ఎర్రజెండా ఎగురవేయబడలేదు. అగ్నిమాపక దళంవారు వందలాది టన్నుల నీటిని ఓడలోకి కుమ్మరించినా, పత్తి అడుగున దాగిన మంట చిక్కలేదు. సాయంకాలం 4 గంటల 6 నిమిషాలకు నౌక పేలింది. సుమారు అరగంట తరువాత మరింత ఘోరమైన రెండవ విస్ఫోటనం సంభవించింది. సిమ్లాలోని భూకంపమాపని సైతం ఆ అదురును నమోదు చేసింది. వందలాది పౌరులతోపాటు 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాశారు.

వారి స్మృత్యర్థం బైకుల్లా ఆవరణలో స్మారకం నెలకొల్పబడింది. దేశమంతటా ఏప్రిల్ 14ను అగ్నిమాపక సేవాదినంగా పాటించడం ఆ త్యాగఫలమే. ఆ త్యాగం గతంతో ముగియలేదు. 2015 మే నెలలో కాల్బాదేవిలో ఒక పాత భవనం అంటుకున్నప్పుడు ఇదే దళానికి చెందిన నలుగురు అధికారులు ప్రాణాలర్పించారు.

పెక్కు మిల్లులు మూతపడి, వాటి స్థానంలో ఆకాశహర్మ్యాలు లేచాయి. మిల్లు కూత వినని తరం బడులలో చదువుతున్నది. నగరంలో పాత కట్టడాలు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్న కాలమిది. అయినా బైకుల్లా గంట నేటికీ మోగుతూనే ఉన్నది. పిల్లలను వెంటబెట్టుకొని ఆ దారిన సాగే తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆగి, అక్కడి స్మారకం కథ వినిపిస్తే చాలు. పాఠ్యపుస్తకంలో లేని చరిత్ర పాఠం ఒకటి వారికి ఆ వీధిలోనే లభిస్తుంది.