పెరటి మునగ – ఔషధం నుండి పోషకాహారం వరకు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం కుతుబ్‌షాహీల కాలంనాటి పెద్ద చెరువుకు ప్రసిద్ధి. చెరువు నీరందని చల్కా నేలల్లోనూ ఎద్దడిని తట్టుకొని పెరగగల చెట్టు మునగ. దీని ఆకు, పువ్వు, కాయ మూడూ వంటకు పనికివస్తాయి. వైద్యగ్రంథాలు, లోకాచారం, ఆధునిక శాస్త్రం మునగను ఎట్లా చూశాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వైద్యగ్రంథాలు – ఆచారం:
సంస్కృతంలో మునగకు శిగ్రువు, శోభాంజనం అని పేర్లు. చరకసంహిత దీనిని స్వేదచికిత్సకు తోడ్పడే ద్రవ్యాలలోను, శిరోవిరేచన ద్రవ్యాలలోను చేర్చింది. సుశ్రుతసంహిత కఫమేదస్సులను తగ్గించే వరుణాది గణంలో పేర్కొన్నది. ఈ వర్గీకరణలు మునగను ఔషధంగా చూపగా, నిత్యాహారంగా నిలిపినది వంటిల్లు. ఆషాఢమాసంలో మునగాకు తినాలనే ఆచారం, తెలగపిండి కలిపి వండే మునగాకు కూర ఇందుకు నిదర్శనాలు.

పోషకాహార శాస్త్రం:
1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో మొదలైన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది. అది 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి మునగాకులో సుమారు 6.4 గ్రాముల మాంసకృత్తులు, 314 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నాయి. శరీరంలో ‘ఎ’ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ కూడా సమృద్ధిగా ఉన్నది. ఆ విటమిన్ లోపం రేచీకటికి కారణం. దాని నివారణకు పిల్లలకు ఆరు నెలలకొకసారి అధిక మోతాదు విటమిన్ ఇచ్చే జాతీయ పథకం 1970లో మొదలైంది. మోతాదు తక్షణ రక్షణ మాత్రమే. శాశ్వత పరిష్కారం రోజువారీ భోజనంలోనే ఉండాలి. పెరటి మునగకు ఉన్న ప్రాధాన్యం ఇదే.

అతిశయోక్తుల పరిశీలన:
పొగిడి ఉబ్బించడాన్ని ‘మునగచెట్టు ఎక్కించడం’ అంటాం. దాని కొమ్మ పెళుసు, ఎక్కినవాడు పడతాడు. నేటి ప్రచారం మునగనే మునగచెట్టు ఎక్కిస్తున్నది. ఎండు పొడిలోని పోషకాలను పచ్చి పండ్లతో, పాలతో పోల్చడం సరికాదు. పచ్చి ఆకులో అధికభాగం నీరే కనుక, ఎండితే మిగిలిన పోషకాల సాంద్రత పెరుగుతుంది. ‘సి’ విటమిన్ మాత్రం చాలావరకు నశిస్తుంది. పైగా పొడిని తినేది చెంచాలతో, కూరను తినేది గుప్పెళ్ళతో. ఆకు ఆహారమైనంత మాత్రాన వేరు, బెరడు నిరపాయం కావు; గర్భిణులు వాటిని వాడరాదు.

ముగింపు:
మునగ సర్వరోగనివారిణి కాదు; తక్కువ నీటితో, దాదాపు ఖర్చు లేకుండా పేదింటికి అందే పోషకాహారం. పెరళ్ళు ప్లాట్లుగా మారుతున్న నగర శివార్లలో ఆ చెట్టు పోతే, నిన్నటిదాకా చేతికందిన ఆకునే రేపు పొడి డబ్బాలో కొనవలసి వస్తుంది.